సున్నం కడిగిన ఉక్కు

ఇనుప బాట: 9వ భాగం

సదాశివపేట నుంచి వికారాబాద్ పోయే రోడ్డు పట్టుకుంటే, మోమిన్‌పేట్ చుట్టుపక్కల నేల రెండు రంగుల్లో కనిపిస్తుంది. ఒకచోట కంది, పత్తి పండే నల్లరేగడి. ఇంకోచోట, కాస్త మెరకలో, చెప్పులకు ఎర్రగా అంటుకునే రాతిమట్టి. రెండింటి పుట్టుకా ఒకటే. దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ మీద పారిన లావా చల్లారి నల్లరాయి అయింది. ఆ రాయి ఎండకూ వానకూ చివికిన తీరును బట్టి కొంత రేగడి అయింది, కొంత లాటరైట్ అయింది. లాటరైట్ అయినచోట వాననీళ్లు రాతిలోని సున్నాన్ని, సిలికాను కడిగి పట్టుకుపోయాయి. నీళ్లకు లొంగని ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలిపోయాయి. ఆ ఎరుపంతా ఇనుముదే.

వికారాబాద్ దాటి, అనంతగిరి దిగి తాండూరు దారి పడితే రాయి మారిపోతుంది. ఇంటి అరుగు, దొడ్డిగోడ, పొలం గట్టు, ఎటు చూసినా నాపరాయే. లావా పారడానికి ఎన్నో కోట్ల ఏళ్ల ముందు, లోతు తక్కువ సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్న సున్నపురాయి అది. భూగర్భ శాస్త్రంలో దీన్ని భీమా బేసిన్ కింద లెక్కిస్తారు. పొరల వెంట గడ్డపారతో లేపితే బండలుగా ఊడి వస్తుంది కాబట్టి మనవాళ్లు దాన్ని ముందు నేల మీద పరిచారు. వాడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రైలు 1874లో తాండూరు మీదుగా వచ్చాక బండకు దూరం తగ్గింది. ఆ తర్వాత చాలాకాలానికి, సిమెంటు కోసం అదే రాతిని పిండి చేయడం మొదలుపెట్టారు. కరన్‌కోట్‌లో సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కార్ఖానా ఆ వరసలోదే.

ఉక్కు కథలో సిమెంటు సంగతి ఎందుకంటారా? సిమెంటు బట్టీలో వట్టి సున్నపురాయిని ఎంత కాల్చినా, సిమెంటుకు మూలమైన క్లింకర్ గడ్డలు తయారు కావు. సున్నం ఒక్కటే అయితే 2,600 డిగ్రీలకు గానీ కరగదు. అల్యూమినా ఒక్కటే అయితే 2,050 డిగ్రీలు కావాలి. కానీ సున్నమూ, అల్యూమినా, కాస్త ఇనుప ఆక్సైడూ కలిసి ఒకచోట పడితే 1,450 డిగ్రీల లోపే కొంత భాగం కరిగి ద్రవమవుతుంది. ఆ ద్రవంలోనే క్లింకర్ పుడుతుంది. సున్నపురాయిలో అల్యూమినా, ఇనుము చాలనప్పుడు సిమెంటు కార్ఖానాలు లాటరైట్ కలుపుతాయి. వికారాబాద్ పీఠభూమి ఎర్రరాయికి సిమెంటు దగ్గర గిరాకీ ఉన్నది ఇందుకే. విడివిడిగా కరగని రెండు గట్టి పదార్థాలు కలిస్తే కరుగుతాయన్న ఈ ఒక్క ముక్కను పాఠకులు గుర్తుంచుకోవాలి. ఈ భాగంలో చెప్పబోయేదంతా దాని మీదే నిలబడి ఉంది.

పోయిన భాగంలో నిజామాబాద్ జిల్లా కోనసముద్రం మూసల దగ్గర ఆగాం. త్రికోణమితి సర్వేలో వైద్యుడుగా, భూగర్భ పరిశోధకుడుగా పనిచేసిన హెన్రీ వెస్లీ వాయ్‌సీ 1824లో చనిపోయాడు. కోనసముద్రంలో ఉక్కు చేసే పద్ధతి మీద అతను రాసిపెట్టింది 1832లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు రకాల ఇనుమును కలిపి మూసలో పెట్టి కరిగించడం అక్కడి ప్రత్యేకత. ఆ రెండింటిలో ఒకటి ఎర్రటి ఇనుపమట్టి నుంచి తీసినది, అంటే మోమిన్‌పేట్ మెరకల్లో కనిపించే లాటరైట్‌కు దాయాది.

ఆ ఉక్కు గొప్పదనాన్ని కత్తి మీది నీటి చారలతోనే కొలుస్తుంటాం. నాకైతే అంతకన్నా ముందు చెప్పుకోవలసింది దాని శుభ్రత అనిపిస్తుంది. మామూలు పల్లె కొలిమిలో ఇనుము ఎన్నడూ పూర్తిగా కరగదు. మెత్తబడి ముద్దవుతుంది. దాని కడుపులో చిట్టెం చిక్కుకుపోతుంది. కమ్మరి ఎంత కొట్టినా కొంత లోపలే పోగుల్లా సాగి ఉండిపోతుంది. మూసలో అలా కాదు. బొగ్గు పాలు ఎక్కువైన కొద్దీ ఇనుము తక్కువ వేడికే కరుగుతుంది. కరిగి, గంటల తరబడి కదలకుండా ఉంటే చిట్టెం తేలిక కాబట్టి పైకి వచ్చేస్తుంది. మూసను చల్లార్చి పగలగొడితే అడుగున ఉక్కు బిళ్ల, దాని మీద గాజులాంటి పెచ్చు. మలినం దానంతట అది పైకి తేలడానికి లోహానికి ద్రవరూపమూ, తీరికా రెండూ దొరికిన పద్ధతి అది. ఈ తీరిక తర్వాతి కాలపు కార్ఖానాల్లో దొరకలేదు.

ఆ పాత కొలుముల్లో సున్నం కలిపే అలవాటు మన దగ్గర సాధారణంగా లేదు. అందుకే తెలంగాణ ఊళ్ల బయట దొరికే చిట్టెపు రాళ్లు చేతికి తీసుకుంటే అంత బరువుంటాయి. ఖనిజంలోని సిలికాకు తోడు కావాలి. సున్నం లేకపోతే అది ఇనుమునే పట్టుకుంటుంది. సగం ఇనుము చిట్టెంలోనే పోతుంది. యూరప్ బ్లాస్ట్ ఫర్నేసులు సున్నపురాయి వేసి సిలికాను సున్నానికి అంటగట్టాయి, ఇనుమును విడిపించుకున్నాయి. ఉక్కు దగ్గర సున్నం చేసిన తొలి ఊడిగం అది.

రెండో ఊడిగం ఫాస్ఫరస్‌ది. 1856లో హెన్రీ బెస్సెమర్ కరిగిన ఇనుములోకి గాలి ఊది నిమిషాల్లో ఉక్కు చేసి చూపించాడు. లైసెన్సులు కొనుక్కుపోయినవాళ్లకు మాత్రం ఆ ఉక్కు సుత్తి కింద పగిలిపోయింది. వాళ్ల ఖనిజంలో ఫాస్ఫరస్ ఉంది, బెస్సెమర్ పాత్రలోని ఇసుకరాయి పూత దాన్ని పట్టుకోలేదు. ఇరవై ఏళ్లు పెద్దపెద్ద ఇంజనీర్లకు కొరుకుడు పడని ఆ చిక్కును విప్పింది లండన్ పోలీసు కోర్టులో గుమాస్తా. పేరు సిడ్నీ గిల్‌క్రిస్ట్ థామస్. పగలు కోర్టు కాగితాలు, సాయంత్రం రసాయనశాస్త్రం తరగతులు. వేల్స్‌లోని బ్లేనావన్‌లో రసాయనవేత్తగా ఉన్న తన బంధువు పెర్సీ గిల్‌క్రిస్ట్‌ను తోడు చేసుకుని, పాత్ర లోపలికి డోలమైట్ పూత పెట్టి, సున్నం వేసి ఊదాడు. ఆమ్ల గుణమున్న ఫాస్ఫరస్ ఆక్సైడ్ సున్నాన్ని పట్టుకుని చిట్టెంలోకి పోయింది. 1879లో మిడిల్స్‌బ్రోలో అందరి ముందూ చేసి చూపించాక యూరప్ ఉక్కు పటమే మారిపోయింది. ఆ చిట్టెం పిండి ఎరువుగా పొలాలకు చేరింది. థామస్ 34వ ఏట, 1885లో చనిపోయాడు.

ఈ రెండు పనుల్లోనూ సున్నం బయటే ఉంది. చిట్టెంలో తేలుతూ, ఉక్కు ఒంట్లోంచి వచ్చినదాన్ని అందుకుంది. మూడో పనికి ఉక్కు లోపలికే దిగవలసి వచ్చింది. అలా దిగడానికి కారణం మాత్రం అల్యూమినియం.

ఊదినప్పుడు ఉక్కులో కరిగిన ఆక్సిజన్ చల్లారేటప్పుడు అందులోని బొగ్గు పాలుతో కలిసి వాయువు బుడగలై లేచి లోహాన్ని బోలు చేస్తుంది. దాన్ని చంపడానికి సిలికాన్, మాంగనీస్, అల్యూమినియం వేస్తారు. కార్ఖానా భాషలో కూడా దాన్ని చంపడమనే అంటారు. వీటిలో ఆక్సిజన్ మీద ఎక్కువ ఆకలి అల్యూమినియంది. 1922లో అమెరికాలో మెక్వైడ్, ఎన్ అనే ఇద్దరు లోహశాస్త్రులు ఒక వింతను బయటపెట్టారు. రసాయన లెక్కల్లో తేడా కనబడని రెండు ఉక్కులు, ఒకే కొలిమిలో కాగినా ఒకదాని లోపలి స్ఫటిక రేణువులు ఉబ్బిపోతున్నాయి, ఇంకోదానివి చిన్నగానే నిలుస్తున్నాయి. 927 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలు బొగ్గులో కాల్చి, రేణువుల అంచులు తేలేలా చల్లార్చి చూసే వాళ్ల పరీక్షకు ఇప్పటికీ వాళ్ల పేర్లే. తేడాకు మూలం చివరికి అల్యూమినియం దగ్గర తేలింది. ఆక్సిజన్‌ను పట్టుకోగా మిగిలిన అల్యూమినియం, ఉక్కులోని నైట్రోజన్‌తో కలిసి కంటికి ఆనని నైట్రైడ్ నలుసులవుతుంది. ఆ నలుసులు రేణువుల సరిహద్దుల్లో మేకుల్లా దిగి వాటిని కదలనివ్వవు.

రేణువు చిన్నదైతే లాభమేమిటి? ఉక్కును గట్టి పరిచే పద్ధతులు చాలా వరకు దాన్ని పెళుసు చేస్తాయి. రేణువును చిన్నది చేయడం మాత్రం బలాన్నీ, దెబ్బకు ఓర్చే గుణాన్నీ కలిపి పెంచుతుంది. రేణువు పరిమాణానికీ బలానికీ ఉన్న లెక్కను 1951లో హాల్, 1953లో పెచ్ విడివిడిగా తేల్చారు. కార్ఖానాలో దీనికి నంబర్లున్నాయి. నూరు రెట్లు పెంచి చూపే సూక్ష్మదర్శినిలో చదరపు అంగుళానికి ఒక్క రేణువు కనిపిస్తే నంబరు 1. ఆపై ప్రతి నంబరుకూ రేణువుల లెక్క రెట్టింపు. 5వ నంబరుకు 16, 8వ నంబరుకు 128. 5 గానీ ఆపైన గానీ ఉంటే సన్న రేణువు ఉక్కు కింద లెక్క.

ఈ సన్నదనానికి కట్టిన మూల్యం అల్యూమినా. అల్యూమినియం ఆక్సిజన్‌ను మింగితే మిగిలేది అదే. ఉక్కు 1,600 డిగ్రీల దగ్గర కరిగి ఉన్నా అల్యూమినా కరగదు. మూలలు తేలిన గట్టి నలుసులుగా ఉండి, ఒకదాన్నొకటి పట్టుకుని గుత్తులు కడుతుంది. ఉక్కును ఇంగాట్లుగా, అంటే విడివిడి దిమ్మలుగా, పోసే రోజుల్లో ఈ పీడను ఎలాగో భరించారు. నిరంతర పోత వచ్చాక భరించడం కుదరలేదు. ఈ పద్ధతిలో కరిగిన ఉక్కు కింది పాత్రలోంచి, చెయ్యి పట్టేంత సందున్న మట్టి గొట్టం గుండా, నీళ్లతో చల్లబరిచిన రాగి అచ్చులోకి ఆగకుండా దిగాలి. అల్యూమినా గుత్తులు గొట్టం లోపలి గోడకు అంటుకుని పెరుగుతాయి. దారి ఇరుకవుతుంది, ధార వంకరపోతుంది, చివరికి పోత ఆగుతుంది. లేడిల్ అనే పెద్ద పాత్ర నిండా కాగిన ఉక్కు పైన వేచి ఉండగా కింద దారి మూసుకుపోవడం కంటే పెద్ద తలనొప్పి మెల్టింగ్ షాపులో ఇంకోటి లేదు.

1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించిన విశాఖ ఉక్కు కార్ఖానా సరిగ్గా ఈ మలుపులో పుట్టింది. 1966లో 32 ప్రాణాలు బలిగొన్న ఉద్యమం, 1971లో శంకుస్థాపన, 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్, 1992 ఆగస్టు 1న ప్రధాని పి.వి. నరసింహారావు చేతుల మీదుగా జాతికి అంకితం. ఆ కథ ఈ శీర్షికలో ముందే చెప్పుకున్నాం. ఇక్కడ పనికొచ్చేది ఒక్కటే. పాత కార్ఖానాల్లాగా ఇంగాట్లు పోసి తర్వాత మార్చుకోవడం కాదు, ఉక్కు మొత్తాన్నీ మొదటినుంచీ నిరంతర పోతలోనే పోసేలా విశాఖను కట్టారు. అలాంటి కార్ఖానాల తరానికి శుభ్రత రోజువారీ బతుకుదెరువు.

ఇప్పుడు కాల్షియం. 1808లో హంఫ్రీ డేవీ విద్యుత్తుతో సున్నాన్ని విడగొట్టి దీన్ని లోహంగా తీశాడు. దాన్ని ఉక్కులో వేయాలన్న ఆలోచన పాతదే. పెనుగులాట అంతా వేయడంలో ఉంది. కాల్షియం 842 డిగ్రీలకు కరుగుతుంది, 1,484కు మరుగుతుంది. ఉక్కేమో 1,600లో ఉంటుంది. సాంద్రత చూస్తే ఉక్కుది 7 దగ్గర, కాల్షియంది 1.55. పైన వేస్తే తేలుతుంది, భగ్గుమని మండుతుంది, తెల్లటి పొగై పోతుంది. పైగా ఇనుములో అది కరిగేది చాలా తక్కువ. ఆ వేడి దగ్గర దాని ఆవిరి ఒత్తిడి వాతావరణ పీడనానికి దాదాపు రెట్టింపు. అంటే కరిగిన ఉక్కులో మీటరుకు పైగా లోతుకు తీసుకెళ్తే పై ఉక్కు బరువు దాన్ని మరగనివ్వదు. చేయాల్సింది అదే, లోతుకు చేర్చడం.

1970ల మొదట్లో జర్మనీలో థిస్సెన్ నీడర్‌రైన్ ఉక్కు కంపెనీ వాళ్లు కాల్షియం, సిలికాన్ కలిసిన పొడిని ఆర్గాన్ వాయువుతో పొడవాటి గొట్టం ద్వారా లేడిల్ అడుగుకు ఊదారు. స్వీడన్‌లోనూ ఇదే దారి తొక్కారు. 1977లో లూలియో పట్టణంలో ఈ ఊదుడు మీదే అంతర్జాతీయ సదస్సు జరిగింది. ఆ తర్వాత ఇంకా తేలిక ఉపాయం వచ్చింది. పలచని ఉక్కు రేకును గొట్టంలా చుట్టి, లోపల కాల్షియం పొడి కూరి, వేలి లావు తీగ చేస్తారు. చుట్ట నుంచి లాగి నిమిషానికి వంద, రెండొందల మీటర్ల వేగంతో లేడిల్‌లోకి తోస్తారు. రేకు కరిగేలోపు తీగ అడుగుకు చేరాలి. ఎంత జాగ్రత్త పడినా నూటికి 70 పాళ్లకు తక్కువ కాకుండా ఆవిరై పోతుంది. చివరికి ఉక్కులో నిలిచేది పది లక్షల పాళ్లలో 20 పాళ్ల చొప్పున, అంటే 150 టన్నుల లేడిల్‌కు మూడు కిలోలు.

ఆ మూడు కిలోలు చేసే పని మోమిన్‌పేట్ ఎర్రరాయి, తాండూరు బండ సిమెంటు బట్టీలో చేసేదే. కాల్షియం అల్యూమినా నలుసును చేరి దాని ఆక్సిజన్‌లో వాటా లాక్కుని సున్నమవుతుంది. సున్నమూ అల్యూమినా కలిసిన కాల్షియం అల్యూమినేట్, పాళ్లు కుదిరితే, 1,400–1,450 డిగ్రీల మధ్యే కరుగుతుంది. 1,600 డిగ్రీల ఉక్కులో అది ద్రవం. మూలలు పోయి గుండ్రటి బొట్టవుతుంది. గొట్టానికి అంటుకోదు. బొట్లు రెండు కలిస్తే పెద్దదై, పులుసు మీద నూనె తేలినట్టు తొందరగా పైకి తేలి చిట్టెంలో కలుస్తుంది. కోనసముద్రం మూసలో గంటల తీరిక చేసిన పనిని ఇక్కడ నిమిషాల్లో చేయించుకుంటున్నారు.

పాళ్లు కుదరకపోతే? అక్కడే ఉంది అసలు చిక్కు. కాల్షియం తక్కువ పడితే అల్యూమినా పాలు ఎక్కువున్న అల్యూమినేట్లు పుడతాయి, అవి 1,750 డిగ్రీలు దాటితే గానీ కరగవు. అంటే గట్టివే, గొట్టం మూసేవే. ఎక్కువ పడి, ఉక్కులో గంధకం కూడా మిగిలి ఉంటే కాల్షియం సల్ఫైడ్ పుడుతుంది. అదీ గట్టిదే. అల్యూమినా బాధ తప్పించుకోబోయి సల్ఫైడ్ బాధలో పడతారు. అందుకే తీగ వేసేముందు సున్నపు చిట్టెంతో గంధకాన్ని బాగా తీసేయాలి. పాత సున్నం తన పని ముగించాకే కొత్త కాల్షియం దిగాలన్నమాట.

గంధకాన్ని పూర్తిగా తీయలేరు కాబట్టి కాల్షియానికి ఇంకో పని ఉంటుంది. మిగిలిన గంధకం నుంచి పుట్టే మాంగనీస్ సల్ఫైడ్ మెత్తటిది, రోలింగ్ మిల్లులో ఉక్కుతో పాటు సాగి సన్నని చారలవుతుంది. ఆ ఉక్కు చార వెంట లాగితే ఆగుతుంది, అడ్డంగా లాగితే చీలుతుంది. కాల్షియం కలిసిన సల్ఫైడ్ రోలర్ల కింద కూడా గుండ్రంగానే ఉంటుంది. గ్యాస్, చమురు పైపుల ఉక్కుకు ఈ గుణం తప్పనిసరి. పాలిష్ చేసిన ఉక్కు ముక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి మలినాలను నాలుగు తరగతులుగా లెక్కపెడతారు: సాగిన సల్ఫైడ్లు ఏ, అల్యూమినా గుత్తులు బీ, సిలికేట్లు సీ, గుండ్రటి ఆక్సైడ్లు డీ. ఈ లెక్కకు పోల్చి చూసే పటానికి మూలం స్వీడన్ ఉక్కు సంఘం తయారుచేసినది. కాల్షియం వేసిన ఉక్కులో ఏ, బీ తగ్గి, మిగిలినదంతా డీ గడిలోకి వస్తుంది. మలినం పూర్తిగా పోలేదు, కాకపోతే తక్కువ చెడు చేసే రూపంలోకి వచ్చింది. ఆ డీ కూడా పనికిరాని చోటు ఒకటుంది. బేరింగుల్లో కోట్లసార్లు ఒకేచోట ఒత్తిడి పడుతుంది, గుండ్రటి గట్టి నలుసు చాలు అక్కడ పగులు మొదలవడానికి. అందుకని బేరింగు ఉక్కు చేసేవాళ్లు కాల్షియం తీగ జోలికి పోకుండా జాగ్రత్తపడతారు.

మరి రేణువు సంగతి? కాల్షియం వేస్తే రేణువు సన్నబడుతుందని రాసేవాళ్లున్నారు. ఆ ఘనత కాల్షియానిది కాదనే నా అభిప్రాయం. రేణువును అదిమిపెట్టేది అల్యూమినియం నైట్రైడే, లేదంటే నియోబియం, టైటానియం, వెనేడియంల నలుసులు. గుండ్రటి అల్యూమినేట్ బొట్లు మైక్రాన్లలో ఉంటాయి. రేణువు సరిహద్దును పట్టి ఆపడానికి అంత పెద్దవి, అంత తక్కువ లెక్కలో ఉంటే చాలవు. కాల్షియం చేసిన మేలు పక్కదారిలో వచ్చింది. రేణువు కోసం అల్యూమినియాన్ని ధైర్యంగా వాడుకోనిచ్చింది, దాని మురికిని తాను సర్దుకుంది. దీనికి ఒక మినహాయింపు. వెల్డింగు చేసినచోట పక్కనున్న ఉక్కు 1,400 డిగ్రీల దాకా కాగుతుంది. ఆ వేడికి నైట్రైడ్ మేకులే కరిగిపోయి రేణువులు ఉబ్బుతాయి. ఓడల రేకులు, పెద్ద భవనాల దూలాలు చేసే జపాన్ కార్ఖానాలు మెగ్నీషియం, కాల్షియంల ఆక్సైడ్, సల్ఫైడ్ నలుసులను మైక్రాన్‌లో చిన్న వంతు పరిమాణంలో చెదరగొట్టి, అంత వేడిలోనూ రేణువును నిలబెట్టగలిగాయి. అక్కడ మాత్రం కాల్షియం నేరుగా రేణువు మీదే పనిచేసింది.

తాండూరు వైపు వాళ్లకు వచ్చే సందేహం ఒకటుంది: ఇంత సున్నపురాయి మన కాళ్ల కింద ఉండగా విశాఖకు ఇది పనికిరాదా? విశాఖ బ్లాస్ట్ ఫర్నేసులకు సున్నపురాయి జగ్గయ్యపేట సొంత గనుల నుంచి, డోలమైట్ ఖమ్మం వైపు మాధారం నుంచి వెళ్తూ వచ్చాయి. ఉక్కు చేసే కన్వర్టరుకు మాత్రం సున్నపురాయి అరబ్ ఎమిరేట్స్ నుంచి ఓడల్లో దిగింది. దేశంలోని ఇంకొన్ని కార్ఖానాలు రాజస్థాన్‌లోని జైసల్మేర్ రాయి తెప్పించుకుంటాయి. కన్వర్టరులో వేసే సున్నంలో సిలికా చాలా తక్కువ ఉండాలి. వేసిన సున్నంలో సిలికా ఉంటే దాన్ని తినడానికే కొంత సున్నం ఖర్చవుతుంది, ఫాస్ఫరస్‌కు మిగిలేది తగ్గుతుంది. సిమెంటుకు వరమైన మట్టి, సిలికా పాలు ఇక్కడ శాపం.

హైదరాబాద్‌లోనే కాల్షియం ఇంకో వేషంలో ఉక్కును కడుగుతోంది. కంచన్‌బాగ్‌లో 1973లో పెట్టిన మిశ్రధాతు నిగమ్, అందరూ పిలిచేది మిధాని అని, రక్షణ, అంతరిక్ష రంగాల ఉక్కుల కోసం పుట్టింది. అక్కడ వాడే పద్ధతుల్లో ఎలక్ట్రోస్లాగ్ రీమెల్టింగ్ ఒకటి. పోసి గట్టిపడిన ఉక్కు కడ్డీనే మళ్లీ కరిగిస్తారు. కడ్డీ కొనను కరిగిన చిట్టెంలో ముంచి విద్యుత్తు పంపిస్తే, కొన నుంచి ఉక్కు బొట్టు బొట్టుగా రాలి ఆ చిట్టెం లోతు దాటుకుంటూ కిందికి దిగుతుంది. ఆ చిట్టెంలో సింహభాగం కాల్షియం ఫ్లోరైడ్, దానికి తోడు సున్నం, అల్యూమినా. బొట్టులో ఉన్న మలినాలను చిట్టెం కరిగించుకుంటుంది, గంధకాన్ని సున్నం పట్టుకుంటుంది. కింద నీళ్లతో చల్లబరిచిన రాగి అచ్చులో ఉక్కు అడుగు నుంచి పైకి నిదానంగా గట్టిపడుతుంది. కాల్షియం లోహం ఇక్కడ ఉక్కులో కలవదు, దాని లవణమే దారికి అడ్డంగా నిలబడి ప్రతి బొట్టునూ వడగడుతుంది. తీగ పద్ధతి కంటే ఎన్నో రెట్లు ఖర్చు. అయినా తుపాకీ గొట్టానికీ, విమానం ల్యాండింగ్ గేరుకూ ఆ ఖర్చు పెట్టక తప్పదు.

రాకెట్ మోటారు గోడలకు వాడే మారేజింగ్ ఉక్కుకు ఇదీ చాలదు. దాన్ని గాలి పూర్తిగా తీసేసిన కొలిమిలో, చిట్టెం ఊసే లేకుండా కరిగిస్తారు. సున్నం లేకుండా ఉక్కు శుభ్రపడే ఆ పద్ధతి, మిధాని దాన్ని అందుకున్న తీరు వచ్చే భాగంలో.